కిలో మీదే ఉంది

చెన్నకేశవరావుగారి చెవిలో ఏదైనా ఒక కొలత పడితే, అది ఆయన నోట్లోంచి ఇంకో కొలతగా బయటికి రావలసిందే. కిలోలు లోపలికి పోతే గ్రాములు బయటికొస్తాయి. మీటర్లు పోతే మిల్లీమీటర్లు వస్తాయి. పాలు పోసే ఎర్రన్న గుమ్మంలో నిలబడి "లీటరున్నర" అని కేక వేస్తే, లోపల పూజలో ఉన్నా సరే, "పదిహేను వందల మిల్లీలీటర్లు" అని బదులు పలికి గాని మళ్ళీ మంత్రం అందుకోరు.

రుద్రూరు దగ్గర కాలువ కింద ఆయన ఉండే ఊరిని క్యాంపు అంటారు. తాతల కాలంలో కోస్తా జిల్లాల నుంచి వచ్చి, ఇక్కడి కాలువ నీళ్ళు చూసి భూములు కొనుక్కున్నవాళ్ళు వేసుకున్న ఊళ్ళన్నిటికీ ఆ పేరే నిలిచిపోయింది. ఆ క్యాంపులో రావుగారి అలవాటు తెలియనివాళ్ళు లేరు. కొత్తగా వచ్చినవాళ్ళకు మాత్రం అలవాటు పడటానికి కొంత కాలం పడుతుంది. బిందుమాధవికి పెళ్ళిచూపులనాడే మొదలైంది.

అంతకుముందు వచ్చిన సంబంధం వాళ్ళు అమ్మాయి పొట్టి అని చెప్పి వెళ్ళిపోయారు. అందుకే రావుగారు "అమ్మాయి ఎత్తెంతండీ?" అని అడిగేసరికి బిందుమాధవి తల్లి గొంతు సగం తగ్గింది.

"నూట యాభై ఆరు సెంటీమీటర్లండీ."

"అంటే పదిహేను వందల అరవై మిల్లీమీటర్లు" అన్నారు రావుగారు, కళ్ళు పెద్దవి చేసుకుని. "విన్నావా బసవమ్మా? పదిహేను వందల అరవై."

"మిల్లీమీటర్లతో నాకేం పని? మనిషి నచ్చింది" అంది ఆయన భార్య బసవమ్మ.

పెళ్ళికొడుకు సతీష్‌బాబు తండ్రి వంక చూడలేక నేల చూశాడు. బిందుమాధవి నవ్వాపుకోలేక తల దించుకుంది. అది సిగ్గనుకుని పెద్దలు తాంబూలాలు పుచ్చుకున్నారు.

కాపురానికి వచ్చాక తెలిసింది, అది ఆ ఒక్కరోజు ముచ్చట కాదని. ఆయనకు చీర అయిదున్నర మీటర్లు కాదు, అయిదు వేల అయిదు వందల మిల్లీమీటర్లు. బియ్యం బస్తా పాతిక కిలోలు కాదు, పాతిక వేల గ్రాములు. బసవమ్మకు దగ్గు పట్టుకుని మందు తాగనని మొండికేస్తే, మూత నిండా మందు పోసి పట్టుకుని వెంటపడతారు.

"ఎంతనీ? అయిదు మిల్లీలీటర్లే బసవమ్మా. లీటరులో రెండు వందలవ వంతు."

"చేదు మాత్రం లీటరంతా ఉందండీ."

"చేదుకి కొలత లేదు. లేనిదాన్ని పట్టించుకోకు. తాగు."

ఇంట్లో 'సుమారు' అన్న మాట నిషేధం. 'అటూ ఇటూ', 'ఓ రవ్వ', 'దగ్గర దగ్గర' కూడా అంతే. సుమారు అనేవాడు చూడకుండా చెబుతున్నవాడన్నా కావాలి, చూసింది దాస్తున్నవాడన్నా కావాలి అని ఆయన సిద్ధాంతం. ఒకసారి బసవమ్మ వంటింట్లోంచి "చారులో కాస్త ఉప్పెయ్యమ్మా" అని కోడలికి చెబితే, హాల్లోంచి "కాస్త అంటే ఎంత?" అని వినిపించింది.

"మీ నోరు మూతపడేంత" అంది బసవమ్మ. ఆవేళ చారు ఎవరూ తాగలేకపోయారు.

బోధన్ బజారులో కిరాణా దుకాణం నడిపే తుకారాం, రావుగారు రావడం చూస్తే ముందు తూకం మిషను తుడుచుకుంటాడు. బిందుమాధవి ఒకరోజు మామగారితో కలిసి వెళ్ళి ఆ తతంగం కళ్ళారా చూసింది.

"చింతపండు ఎంతియ్యాలె సార్?"

"రెండు వందల యాభై గ్రాములు."

"గదే, పావుకిల." తుకారాం ముద్ద తీసి మిషను మీద పెట్టాడు. రెండు వందల యాభై ఎనిమిది చూపించింది. "సుమారుగ సరిపోయింది, తీస్కోండ్రి."

"సుమారేమిటయ్యా? ఎనిమిది గ్రాములెక్కువుంది. ఎనిమిది వేల మిల్లీగ్రాములు."

"నష్టమైతే నాకే గద సార్. మీకేమాయె?"

"నీకు నష్టమనే చెబుతున్నాను. తియ్యి."

తుకారాం చిన్న ముక్క తుంచాడు. రెండు వందల నలభై తొమ్మిదైంది. రావుగారు మిషను వంక చూస్తూ నిలబడ్డారు. తుకారాం ఆయన వంక చూస్తూ నిలబడ్డాడు. వెనక మనుషులు చేరారు. చివరికి ముక్కలోంచి ఒక ఈనె తీసి పైన పెడితే రెండు వందల యాభై అయింది.

"సార్, మీరొచ్చే రోజు ముందుగాల ఫోన్ చెయ్యిండ్రి" అన్నాడు తుకారాం పొట్లం కడుతూ. "నేను దుకాణం బంద్ పెట్టుకుంట."

"నువ్వు లేకపోతే ఎవరితో తూయించుకోవాలయ్యా?" అని రావుగారు నవ్వారు. బిందుమాధవి ఆ నవ్వులో కలవలేదు. ఎండలో నిలబడి నిలబడి ఆమెకు కాళ్ళు పీకుతున్నాయి.

ఆ అలవాటును ఇష్టపడేవాడు ఒక్క నాగేందరే. పక్క ఊళ్ళో ఉంటాడు. మోకాలికి ఆపరేషనయ్యాక డాక్టరు రోజూ రెండు కిలోమీటర్లు నడవమన్నాడు. నడవలేక, మానలేక, పొద్దున్నే కాలువ గట్టు మీద ఒగరుస్తూ కనిపించేవాడు.

"నాతోని కాదు రావు సాబ్" అన్నాడు ఒకరోజు మోకాలు పట్టుకుని. "గీ తూము దాకే వచ్చిన. గిదేం నడకనా?"

"మీ ఇంటి నుంచి తూముకి మూడు వందల మీటర్లు" అన్నారు రావుగారు. "అంటే మూడు లక్షల మిల్లీమీటర్లు నడిచావు నాగేందరూ."

"మూడు లక్షలా?"

"మూడు లక్షలు. తిరిగి వెళితే ఆరు."

నాగేందర్ కాసేపు ఆలోచించి, నడుం నిటారుగా చేసుకుని వెనక్కి మళ్ళాడు. ఇంటికి పోయి భార్యతో "ఆరు లక్షలు నడిచొచ్చిన, చాయ్ పొయ్యి" అన్నాడట. "లక్షలు నడిచెటోనివి, ముందు గా బిందె లేపు" అని ఆమె అందట. ఈ కబురు క్యాంపంతా తిరిగింది. బిందుమాధవి భర్త దగ్గర మొరపెట్టుకుంది.

"మీ నాన్నగారికి ఎవరైనా చెప్పరా? ఊరు నవ్వుతోంది."

"మా తాతయ్య చెప్పాడు. అమ్మ చెప్పింది. నేను పదో తరగతిలో చెప్పాను" అన్నాడు సతీష్‌బాబు. "ఇప్పుడు నీ వంతు."

ఆ వంతు ఆమె కడుపుతో ఉన్నప్పుడు వచ్చింది. నిజామాబాద్‌లో చూపించుకుని వచ్చిన సాయంత్రం బసవమ్మ "బరువెంతన్నారే?" అని అడిగింది. బిందుమాధవి అరవై రెండు కిలోలంది. వరండాలో పేపరు చదువుతున్న రావుగారి తల లేచింది.

"అంటే అరవై రెండు వే..."

"మామయ్యగారూ" అంది బిందుమాధవి. "నన్ను గ్రాముల్లో చెప్పకండి, దయచేసి."

రావుగారు మిగిలిన మాట మింగేసి పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన ఒక కొలతను మింగడం ఇంట్లోవాళ్ళు చూడటం అదే మొదలు. బసవమ్మ ఆ రాత్రి కోడలికి రెండు నేతి గారెలు ఎక్కువ వేసింది.

ఎనిమిదో నెలలో బిందుమాధవికి రక్తపోటు పెరిగింది. కాళ్ళు ఉబ్బాయి. ఒక పొద్దున కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతున్నాయంటే, సతీష్‌బాబు కారులో నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఇక ఆగకూడదన్నారు. ఆపరేషను చేసి బిడ్డను తీశారు.

ఆడపిల్ల. ఒక కిలో నాలుగు వందల ఎనభై.

పాత ఇంటిని మార్చి కట్టిన ఆసుపత్రి అది. తల్లులు పై అంతస్తులో, నెలలు నిండని పిల్లలు కింద, అద్దాల పెట్టెల్లో. లిఫ్టు లేదు. రక్తపోటు దిగేదాకా మెట్లు దిగకూడదని డాక్టరమ్మ బిందుమాధవికి గట్టిగా చెప్పింది. పాప సంగతి కూడా దాచకుండా చెప్పింది. "కిలో ఎనిమిది వందలకి రావాలి. పాలు తనంతట తాను తాగాలి. అప్పుడే ఇంటికి. ఈ లోపల ఏమీ చెప్పలేనమ్మా."

బిందుమాధవి గోడ వైపు తిరిగి పడుకుంది. ఆమె తలలో ఒక్కటే మాట తిరుగుతోంది. ఒకటిన్నర కిలో కూడా లేదు. బజారు నుంచి తెచ్చే వంకాయలు అంతకన్నా ఎక్కువుంటాయి. ఫోన్లో పాప ఫోటో చూపించారు గాని, ఫోటోలో ఏముంది? చిన్నదా పెద్దదా అని ఫోటో చెప్పదు.

తలుపు దగ్గర దగ్గు వినిపించింది. రావుగారు లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి చెప్పారు. "అమ్మాయ్, పాపని చూసి వచ్చాను. పద్నాలుగు వందల ఎనభై గ్రాములు."

ఆమెకు ఒళ్ళు మండింది. ఇక్కడ కూడానా అనుకుంది. కాని ఆ మాట చెవిలో ఉండిపోయింది. పద్నాలుగు వందల ఎనభై. కళ్ళు మూసుకుని ఇంకోసారి అనుకుంటే, ఎందుకో, వంకాయలు గుర్తుకు రాలేదు.

పక్క మంచం మీద ఉన్న పిల్లకు తోడుగా కంఠేశ్వర్‌లోనే బీడీలు చుట్టే భీమవ్వ ఉంది. ఆ పిల్ల ఆమె కూతురు, మగపిల్లవాణ్ణి కన్నది.

"నీ మామకు తూకాల దుకాణమున్నదా బిడ్డా?" అంది భీమవ్వ.

"లేదవ్వా. రైతు."

"మరి పిల్లను చూడబోయిండా, చింతపండు కొనబోయిండా?" గుమ్మం వైపు తిరిగి గొంతు పెంచింది. "మా మనుమడు గూడ ఉన్నడు సారూ. మూడు కిలలున్నడు."

"మూడు వేల గ్రాములవ్వా" అన్నారు రావుగారు వెంటనే.

భీమవ్వ నోరు వెళ్ళబెట్టింది. తర్వాత కూతురి వైపు తిరిగి, "మూడు వేలట, విన్నవా?" అని మనవడికి కాటుక చుక్క ఇంకొంచెం పెద్దది చేసింది.

చెరుకు నరికే ముఠా పొలంలో దిగి ఉంది. వదిలేస్తే మళ్ళీ దొరకరు. అందుకని సతీష్‌బాబు సాయంత్రాలు వచ్చి పోయేవాడు. పగలు పైన కోడలి దగ్గర బసవమ్మ, కింద పాప దగ్గర రావుగారు. పొద్దున్నే నర్సు రుచిత పాపను తూస్తుంది. అది చూసి ఆయన పైకి వచ్చి చెబుతారు. అదీ ఏర్పాటు.

పాలు రావడం ఆలస్యమైంది. ఎంత తంటాలు పడినా గిన్నె అడుగు తడిసింది, అంతే. రుచిత దాన్ని సిరంజిలోకి తీసి నాలుగు మిల్లీలీటర్లని చెప్పి కిందికి తీసుకుపోయింది. బిందుమాధవి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నాలుగు చుక్కలు అత్తయ్యా. పిల్లకి ఇది కూడా చేతకాలేదు నాకు."

కాసేపటికి తలుపు అవతల నుంచి దగ్గు. "అమ్మాయ్, పాపకి ఒక పూటకి పట్టేది మూడు మిల్లీలీటర్లట. నువ్వు నాలుగిచ్చావు. పాప తాగింది, ఇంకా ఒకటి మిగిలింది. మిగిలింది ఎక్కడ పెట్టాలని నర్సమ్మ అడుగుతోంది."

"ఫ్రిజ్‌లో పెట్టమనండి" అంది బసవమ్మ. ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతులో, పాడి నిండుగా ఉన్న ఇంటావిడ ధీమా వినిపించింది. బిందుమాధవి కొంగు తీసి మొహం తుడుచుకుంది.

మర్నాడు పొద్దున రావుగారు వచ్చి, "ఒకటిన్నర కిలోకి దగ్గర్లో ఉందమ్మా" అన్నారు.

ఆ మర్నాడు, "సుమారుగా నిన్నటంతే" అన్నారు.

కోడలికి ఇడ్లీ తుంచి పెడుతున్న బసవమ్మ చెయ్యి ఆగింది. "ఏమండీ, సుమారు అన్నారా?"

"అన్నానా?"

"అన్నారు."

"మిషను సరిగ్గా చూడలేదు. కళ్ళజోడు పెట్టుకోలేదు."

"ముక్కు మీదే ఉంది."

రావుగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయారు. తర్వాతి రోజు గుమ్మంలో నిలబడి చెప్పిన మాట ఇంకా విచిత్రంగా ఉంది. "కిలో మీదే ఉందమ్మా."

బిందుమాధవి ఇడ్లీ పక్కన పెట్టేసింది. కిలో మీదే అంటే ఏమిటి? చింతపండులో ఒక్క గ్రాము తగ్గితే బజారంతా నిలబెట్టిన మనిషి, మనవరాలి బరువును కిలో మీదే అంటున్నాడు. సుమారు అనేవాడు చూసింది దాస్తున్నాడని ఆయనే కదా అన్నది. పాప తగ్గిపోతోంది. ఎంత తగ్గిందో తనకు చెప్పడం లేదు. అసలు ఉందో లేదో.

ఆ రోజంతా ఆమె ఏమీ తినలేదు. డాక్టరమ్మ వచ్చి పాప బాగానే ఉందమ్మా అంటే, ఆ 'బాగానే' కూడా సుమారు లాగే వినిపించింది.

మర్నాడు బసవమ్మ స్నానానికి వెళ్ళిన సమయం చూసి మంచం దిగింది. రెండడుగులకే కళ్ళు తిరిగాయి. భీమవ్వ వచ్చి రెక్క పట్టుకుంది.

"యాడికి బిడ్డా?"

"కిందికవ్వా. నా బిడ్డ ఎంతుందో నేనే చూసుకుంటాను."

భీమవ్వ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. "నడువు. మెల్లగ. డాక్టరమ్మ అడిగితే నేను తోలుకపోయిన్నని చెప్త. నన్నేం జేస్తది, సూదిస్తదా?"

గోడ పట్టుకుని, భీమవ్వ భుజం పట్టుకుని, మెట్టుకోసారి ఆగుతూ దిగారు. కింద పిల్లల గదికి తలుపు బదులు ఆకుపచ్చ తెర ఉంది. తెర అవతల రావుగారి గొంతు వినిపించి బిందుమాధవి ఆగిపోయింది.

"ఎంతుందమ్మా రుచితా?"

"పదమూడు వందల తొంభై సార్. నిన్నటికి పది గ్రాములే తగ్గింది."

రావుగారు చాలా మెల్లగా అన్నారు. "పది గ్రాములంటే పది వేల మిల్లీగ్రాములు కదమ్మా."

"అయ్యో, గట్లెందుకు లెక్క వెడ్తరు సార్? నెలలు నిండని పిల్లలు మొదటి వారం తగ్గుతరని చెప్పిన గద. నిన్న ఇరవై తగ్గింది, ఇయ్యాల పదే. ఇగ నిలబడ్డట్టే."

"తెలుసమ్మా. నిన్నా చెప్పావు. మొన్నా చెప్పావు."

"మరి పైన అక్కకు గదే చెప్పొచ్చు గద."

"ఆ పిల్ల నాలాంటిది కాదు తల్లీ. తగ్గిందన్న మాట ఒక్కటి చెవిన పడితే చాలు, ఇక అన్నం ముట్టదు. అందుకని కిలో మీదే ఉందని చెబుతున్నాను. అబద్ధం కాదుగా? కిలో మీదే ఉంది."

రుచిత నవ్వు ఆపుకోలేకపోయింది. "మీరే గద సార్, సుమారు అనేటోళ్ళను నమ్మొద్దని మొదటి రోజే నాకు క్లాసు తీసుకున్నరు."

"ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎవరితోనూ అనకు."

తెర కదిలింది. భీమవ్వ బిందుమాధవిని స్తంభం చాటుకు లాగింది. రావుగారు వాళ్ళను చూడకుండా వీధి తలుపు వైపు వెళ్ళారు. బిందుమాధవి ఆయన మొహం చూసింది. ఆ మొహంతో ఆయన ఏ రోజూ పైకి రాలేదు.

రుచిత తెర పక్కకు తీసి వీళ్ళను చూసింది. కోప్పడబోయి, ఊరుకుంది. "రోజూ గింతే అక్కా. గా ముందర హోటల్ల కూసుని చాయ్ తాగుతడు, మొఖం సక్కగ జేసుకుంటడు, అప్పుడు మీ కాడికొస్తడు. రండి, ఆయన వచ్చేలోపు చూసుకోండి."

అద్దం పెట్టెలో పాప వెల్లకిలా పడుకుని ఉంది. ముక్కులో సన్నని గొట్టం. బొటనవేలంత పాదాలు. బిందుమాధవి చెయ్యి కడుక్కుని పెట్టెకున్న రంధ్రంలోంచి లోపలికి పెట్టి, ఒక వేలు అరచేతిలో ఆనించింది. పాప ఆ వేలును పట్టుకుంది. వదిలించుకోవడానికి కొంచెం బలం పెట్టాల్సి వచ్చింది.

"గట్టి పిల్ల" అంది భీమవ్వ. "బీడీకి దారం గింత బిగువుగ కట్టిస్తే షావుకారు ఒక్కటి గూడ ఖరాబని తీసెయ్యడు."

రుచిత కూడా ఒక రెక్క పట్టుకున్నా, పైకి ఎక్కడం దిగడం కన్నా కష్టమైంది. సగంలో వీధి తలుపు చప్పుడు వినిపిస్తే ముగ్గురూ కంగారు పడ్డారు. రుచిత వెనక్కి పరుగెత్తి, "సార్, ఒక్క నిమిషం, గీ మిషను బ్యాటరీ చూడండ్రి" అని ఆయన్ని పట్టి ఉంచింది. బిందుమాధవి మంచం ఎక్కి దుప్పటి కప్పుకునేసరికి ఒళ్ళంతా చెమటలు. స్నానం చేసి వచ్చిన బసవమ్మ "ఏమిటే?" అనబోతే, భీమవ్వ నోటి మీద వేలు పెట్టింది.

గుమ్మంలో దగ్గు.

"కిలో మీదే ఉందమ్మా" అన్నారు రావుగారు. మొహం బాగానే సర్దుకున్నారు. మీసం మీద టీ నురగ మాత్రం మిగిలిపోయింది.

"సుమారుగానా మామయ్యగారూ?"

"సుమారుగా."

"అయితే పరవాలేదు" అంది బిందుమాధవి. "డాక్టరమ్మ చెప్పింది, మొదటి వారం కొంచెం తగ్గుతారట. కిలోలో పదో వంతు తగ్గినా మామూలేనట. మీరు కంగారు పడతారేమోనని నేనే చెప్పలేదు."

రావుగారు ఆమె వైపు కాసేపు చూశారు. ఏదో లెక్క వేస్తున్నట్టు పెదవులు కదిలాయి గాని ఏమీ బయటికి రాలేదు. "నాకేం కంగారమ్మా" అని కండువాతో మొహం తుడుచుకున్నారు. నురగ పోయింది.

"అత్తయ్యా, ఇడ్లీలు ఉన్నాయా?" అంది బిందుమాధవి.

ఆవేళ ఆమె ప్లేటులోవి తిని, బసవమ్మ తన కోసం ఉంచుకున్నవీ తింది. మధ్యాహ్నం రుచిత సిరంజి చూసి, పదకొండు మిల్లీలీటర్లంది. తలుపు అవతల నుంచి ఆ అంకె మీద ఏ వ్యాఖ్యానమూ వినిపించలేదు. బసవమ్మ తొంగి చూస్తే, రావుగారు బల్ల మీద కూర్చుని నిద్రపోతున్నారు.

మర్నాడు పొద్దున మెట్ల మీద చెప్పుల చప్పుడు ఎప్పటికన్నా వేగంగా వినిపించింది. గుమ్మం దాకా కూడా రాలేదు, మెట్ల మలుపులోంచే గొంతు పైకొచ్చింది. "అమ్మాయ్, పద్నాలుగు వందల గ్రాములు."

ఎంత పెరిగిందో లెక్క వేసుకోవలసిన అవసరం బిందుమాధవికి రాలేదు. గ్రాములు అనగానే తెలిసిపోయింది.

"నిన్నటి మీద పది వేల మిల్లీగ్రాములు పెరిగింది" అన్నారు ఆయన గుమ్మంలోకి వచ్చి ఒగరుస్తూ.

"నిన్న కిలో మీదే ఉందన్నారు కదండీ. పది ఎక్కడి నుంచి పెరిగింది?" అంది బసవమ్మ.

రావుగారు దొరికిపోయారు. కోడలి వంక చూశారు. బిందుమాధవి కిటికీ వైపు తిరిగి, అటువైపు ఏదో చూడవలసింది ఉన్నట్టు, చాలాసేపు చూసింది. "ముసలోళ్ళు గింతే తియ్యి" అంది భీమవ్వ, ఎవరినన్నదో చెప్పకుండా.

రక్తపోటు దిగాక బిందుమాధవి రోజూ కిందికి వెళ్ళి పాపను గుండెకు ఆనించుకుని కూర్చునేది. పాప మిగిలిన దారి తొందరపడకుండా నడిచింది. ఒకరోజు ఇరవై, ఒకరోజు పది, ఇంకోరోజు ఏమీ లేదు. ఏమీ లేని రోజున రావుగారు "కిలోన్నర దగ్గర నిలకడగా ఉంది" అనేవారు. బిందుమాధవి "సుమారుగానా?" అనేది. "సుమారుగానే" అనేవారు. ఇద్దరిలో ఎవరూ నవ్వేవాళ్ళు కాదు.

పద్దెనిమిది వందల పదికి వచ్చిన రోజున డాక్టరమ్మ ఇంటికి పంపించింది. బిందుమాధవి వెనక సీట్లో పాపను చీర లోపల గుండెకు కట్టుకుని కూర్చుంది. పక్కన బసవమ్మ. సతీష్‌బాబు నడుపుతున్నాడు. రావుగారు ముందు సీట్లో కూర్చుని దారి చూడటం మానేసి వేగం చూపించే ముల్లు చూస్తున్నారు.

"ముప్పై దాటకు."

"ముప్పైకి కారు మూలుగుతోంది నాన్నా."

"మూలగనీ."

బోధన్ దాటాక స్కూటర్లు పోయాయి. ఆటోలు పోయాయి. పాల క్యాన్లు కట్టుకున్న సైకిలు ఒకటి కాసేపు పక్కనే వచ్చి, విసుగు పుట్టి ముందుకు వెళ్ళిపోయింది. ఇంతలో వెనక నుంచి చెవులు చిల్లులు పడేట్టు హారను మోగింది. నిండా చెరుకు వేసుకున్న ట్రాలీని లాక్కుంటూ ఒక ట్రాక్టరు, పాటలు పెట్టుకుని, ఊగుతూ వాళ్ళను దాటిపోయింది. డ్రైవరు పక్కకు వంగి, కారులో నడిపేవాడు ఉన్నాడో లేడో అని తొంగి చూసి, చెయ్యి ఊపి వెళ్ళాడు.

సతీష్‌బాబుకు తల కొట్టేసినట్టయింది. "చెరుకు ట్రాలీ కూడా దాటిపోయింది నాన్నా. వాడు ఊళ్ళోకెళ్ళి అందరికీ చెబుతాడు."

"చెప్పుకోనీరా" అన్నారు రావుగారు, ముల్లు మీంచి చూపు తిప్పకుండా. "వాడి బండిలో ఉన్నది ఉత్త పది వేల కిలోలు. మన బండిలో పద్దెనిమిది వందల పది గ్రాములుంది."

సతీష్‌బాబు దారిలో గతుకులు చూసి, కారును ఇంకొంచెం నెమ్మది చేశాడు.